గాలి డబ్బా మేస్త్రి

మేస్త్రి పోయాడన్న కబురు నాకు ఒక క్లచ్ కేబుల్ బేరం మధ్యలో అందింది.

మదురై రోడ్డు మీద విడిభాగాల అంగడిలో నిలబడి ఉన్నాను. అంగడివాడు నాలుగు రూపాయలన్నాడు. నేను రెండున్నర అన్నాను. అతను నవ్వాడు. నేను మెట్టు దిగి, వెళ్ళిపోతున్నట్టుగా నడక మొదలుపెట్టాను. మా ఇంట్లో మగపిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పే విద్య ఇది. ఐదో అడుగు పడకముందే వెనక నుంచి పిలుపు రావాలి. వచ్చింది. కానీ ధర కోసం కాదు.

"సామీ, మేస్త్రి పోయినారు, తెలుసునా? నిన్న సాయంకాలం."

వెనక్కి వచ్చి, నాలుగు రూపాయలూ బల్ల మీద పెట్టి, కేబుల్ తీసుకున్నాను. అంగడివాడు నా ముఖం చూసి భయపడ్డాడో ఏమో, అర్ధరూపాయి వెనక్కి తోశాడు. అదీ తీసుకోకుండా వచ్చేశాను. ముప్పై అయిదేళ్ళ నా జీవితంలో అడిగినంతా ఇచ్చి కొన్న వస్తువులు చాలా తక్కువ. ఇలా నోరెత్తకుండా కొన్నది ఇదొక్కటే.

ఊళ్ళో ఆయన్ని అందరూ మేస్త్రి అనేవారు. పేరు ఉండే ఉంటుంది, నేనెప్పుడూ అడగలేదు. ముఖం కూడా నాకిప్పుడు అంత స్పష్టంగా కనబడటం లేదు. కుడి అరచెయ్యి మాత్రం కనబడుతోంది. మోటారు సైకిలు ఇంజను తిరుగుతూండగా, గాలి లోపలికి పోయే రంధ్రానికి దగ్గరగా ఆ అరచెయ్యి పట్టి కళ్ళు మూసుకునేవాడు. పసిబిడ్డకు జ్వరం చూసే తీరులో. కాసేపటికి చెయ్యి తీసి, అరచేతిని వాసన చూసి చెప్పేవాడు: "దీనికి ఊపిరి ఆడలేదు." లేకపోతే, "ఇది దూది తింటా ఉండాది."

రాజపాళయంలో దూది తినని ప్రాణి లేదు. నూలు మిల్లులూ, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీలూ నిండిన ఊరు. పత్తి కాలంలో గాలిలో నూగు తేలుతూంటుంది. మూత పెట్టకుండా మజ్జిగ గ్లాసు ఎవరూ కింద పెట్టరు. జిన్నింగ్ గేటు దగ్గర పాతికేళ్ళవాళ్ళు తెల్లటి కనుబొమ్మలతో బయటికి వస్తారు. ముఖం కడుక్కుంటే వయసు తగ్గుతుంది. మోటారు సైకిలు తనంతట తాను ముఖం కడుక్కోలేదు. దాని కార్బొరేటర్ వెనక ఒక రేకు డబ్బా ఉంటుంది, డబ్బాలో వలో గుడ్డో. దుమ్మును ఆపి గాలిని మాత్రం ఇంజనుకు పంపడం దాని పని. పుస్తకం చదివినవాళ్ళు దాన్ని ఎయిర్ క్లీనర్ అనేవారు. మేస్త్రి గాలి డబ్బా అనేవాడు. బండికి ఏ గాలి డబ్బా పెట్టాలన్న విషయంలో మదురై దాకా ఆయన మాటకు ఎదురు లేదు.

సత్రపట్టి పోయే దారిలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీ గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు ఆయనది. ఆ రోజుల్లో ఊళ్ళో పెద్దమనుషులందరూ ముక్కుపొడుం పీల్చేవారు. ఆయన ముట్టేవాడు కాదు. ఎవరైనా డబ్బీ చాపితే, "వద్దయ్యా, ఇది నా పనిముట్టు" అని ముక్కు చూపించేవాడు. బనియను ఏ రంగుదో చెప్పడం ఎవరి తరమూ కాదు, కానీ నడుములో ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ ముక్క, ఉతికి మడత పెట్టింది, ఉండేది. దాంతో చేతులు తుడుచుకోవడం ఎవరూ చూడలేదు.

నయా పైసలు వచ్చిన కొత్తలో నేను బండి కొన్నాను. యుద్ధంలో తిరిగి, వేలంలో అమ్ముడుపోయి, ముగ్గురి చేతులు మారిన ఇంగ్లీషు బండి. మాది పత్తిగింజలూ, వేరుశనగ చెక్కా అమ్మే అంగడి. గింజ కొనాలంటే జిన్నింగ్ ఫ్యాక్టరీలు తిరగాలి. బస్సు కోసం కాచుకుని కూర్చుంటే మంచి గింజ ముందు వచ్చినవాడికి పోతుంది. ఈ వాదం మా నాయన ముందు ఆరు నెలలు వినిపించాను. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"ఇంజను విప్పించి, బాగుచేయించి తెచ్చినావు. సరి. ఇంకొక తూరి విప్పినావంటే బండి అమ్మేస్తాను. నువ్వు వచ్చి గల్లా పక్కన కూర్చో. నా కండ్ల ముందర."

ఆ గల్లా పక్కన చోటు నాకు తెలుసు. ఎదురుగా గోడ, పక్కన తరాజు, తల మీద ఈగలు. మా నాయన ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడి చెక్క పలక మీద కూర్చుని ఉన్నాడు. నాకు ఇరవై మూడు. బండి ఉంటే మంసాపురం కొండగాలి, లేకపోతే ఆ గోడ. నా జీవితమంతా ఒక ఇంజను లోపల రెండు ఇనప రింగుల మీద వేలాడుతోందని అప్పటికి నాకు తెలియదు.

కొన్న వారానికే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. బండితో వచ్చిన పాత గాలి డబ్బా చిల్లులు పడి ఉంది.

"మంచి డబ్బా ఎంత, మేస్త్రీ?"

"ఏ దారి?" అన్నాడు.

"ధర అడిగినాను."

"నేను దారి అడిగినాను. దారి చెప్పు తమ్ముడూ, డబ్బా చెప్తాను."

"ఒక దినం మంసాపురం, ఒక దినం సత్రపట్టి. గింజలు చూసేదానికి, జిన్నింగులకు."

"బండిని గేటు బయట నిలబెడతావా, లోపలికి తీసకపోతావా?"

"లోపలికే."

"ఇంజను ఆపుతావా?"

"ఆపను. మళ్ళా తన్నాల కద."

"ఊ. నీ కాలికి సుఖం, దానికి దగ్గు" అన్నాడు. నడుములోని తెల్ల గుడ్డ తీస్తాడనుకున్నాను. గోడకు తగిలించిన సంచిలోంచి వేరే గుడ్డ తీశాడు. సత్రపట్టిలో నేసే ఆస్పత్రి కట్టుగుడ్డ, పల్చటిది. దాన్ని గుండ్రంగా కత్తిరించి నా పాత డబ్బా మూతికి కట్టాడు. "రెండు దినాలు నువ్వు పోయే దారిలోనే పో. గుడ్డ తీసకరా. తర్వాత మాట్లాడదాం."

ఆయన పద్ధతి అదే. ఎంత పెద్దవాడు వచ్చినా, ఎంత ఖరీదైన బండి తెచ్చినా, ముందు గుడ్డ కట్టి పంపేవాడు. తిరిగి వచ్చిన గుడ్డను ఎండకు పట్టి చూసేవాడు, వేలితో రుద్దేవాడు, వాసన చూసేవాడు. షెడ్డు గోడ నిండా మేకులకు ఆ గుండ్రటి మురికి గుడ్డలే. ఎర్రవి, నల్లవి, నూగు పట్టి బూజులా ఉన్నవి. మిల్లు బాయిలరు దగ్గర తిరిగే ఇంజినీరుది బొగ్గు రంగు. కొండ కింద మామిడితోట ఉన్నాయనది ఇటుకపొడి రంగు. ఊరి పటం ఏ సర్కారు ఆఫీసులోనూ అంత వివరంగా లేదు.

మూడో రోజు నా గుడ్డ ఇచ్చాను. ఎండకు పట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"మంసాపురం పోయినావా?"

"పోయినానే. రెండు తూర్లు."

"మంసాపురం మట్టి ఎర్రగా ఉంటాది. ఇది తారురోడ్డు మసి. సిల్లిపుత్తూరు రోడ్డు." గుడ్డ మడత పెట్టి నా చేతిలో పెట్టాడు. "సినిమా బాగుండిందా?"

షెడ్డు ముందు కాఫీ తాగుతున్న నలుగురు గట్టిగా నవ్వారు. ఇంట్లో అమ్మకు కూడా తెలియని సంగతి ఒక గుడ్డ ముక్క చెప్పేసింది. మళ్ళీ గుడ్డ కట్టించుకుని, ఈసారి నిజంగానే మంసాపురం వెళ్ళి వచ్చాను.

అప్పుడు చూపించాడు డబ్బా. లోపల అయిదు పొరల కట్టుగుడ్డ, నూనెలో తడిపి పిండింది, తీగ చట్రం మీద చుట్టి ఉంది. పది రూపాయలన్నాడు. నా రక్తం మేలుకుంది.

"ఆరు."

"సరి" అన్నాడు.

ఇంత తేలిగ్గా దిగినవాణ్ణి నేను చూడలేదు. నాలుగు అని ఉండాల్సిందే అని నన్ను నేను తిట్టుకుంటూండగా, ఆయన తీగ విప్పి రెండు పొరలు బయటికి లాగి, మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇదేమి?"

"నువ్వు తగ్గించిన నాలుగు రూపాయలు."

"అట్లయితే ఎనిమిది."

ఒక పొర తీసుకుని మళ్ళీ లోపల పెట్టాడు. నేను పట్టు వదలకుండా మళ్ళీ కిందికి వచ్చాను. ఆరు, నాలుగు. పొరలు ఒక్కొక్కటీ నా చేతికి వస్తున్నాయి. జిడ్డు మోచేతి దాకా కారుతోంది.

"ఒక రూపాయికి ఏమి వస్తాది, మేస్త్రీ?"

"ఉత్త డబ్బా వస్తాది. వానకాలంలో నీళ్ళు పట్టుకోవచ్చు."

చివరికి అయిదు పొరలూ లోపలికి వెళ్ళాయి, పది రూపాయలూ నా జేబులోంచి వెళ్ళాయి. పది నుంచి బయలుదేరి పదికే చేరడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బేరంలో ఓడిపోయానని నాకు కోపం రాలేదు. అవతల ఆడేవాడే లేకుండా ఎలా ఓడిపోయానన్నదే అర్థం కాలేదు.

ఆ డబ్బాతో ఎనిమిది నెలలు బండి సుఖంగా తిరిగింది. ఆ సుఖాన్ని నేనే చెడగొట్టుకున్నాను.

మదురైలో పాత సామాన్ల వీధిలో ఒక బూర చూశాను. అల్యూమినియంది, మెరుస్తోంది, ఉమ్మెత్త పువ్వులా మూతి విచ్చుకుని ఉంది. గాలి డబ్బా తీసేసి, దాని బదులు ఇది కార్బొరేటరుకు తగిలిస్తే గాలి అడ్డులేకుండా పోతుందనీ, ఇంగ్లండులో పందెం బండ్లన్నిటికీ ఇదేననీ అంగడివాడు చెప్పాడు. పద్ధెనిమిది రూపాయలు. నాకు బూర అక్కర్లేదు. ఊరికే నోటి దురద తీర్చుకోవడానికి అయిదన్నాను. గంట గడిచేసరికి అతను ఏడుకు దిగాడు. పద్ధెనిమిది నుంచి ఏడుకు దిగిన వస్తువును వదిలి రావడం మా వంశంలో లేదు. అలా, అక్కర్లేని సామాను ఒకటి, కేవలం బాగా తగ్గిందన్న కారణంగా నా చేతికి వచ్చింది. ఇల్లు చేరేసరికి అది లేకుండా బతకలేనని కూడా అనిపించింది.

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాది. నూనె పోసుకొనేదానికి మంచి గరాటు."

"ఎకసెక్కం వద్దు మేస్త్రీ. స్పీడు వస్తాదా, రాదా?"

"వస్తాది."

"మరి బిగించు."

"వాకిలి తీసి పెట్టుకొని పడుకుంటే గాలి బాగా వస్తాది తమ్ముడూ. గాలితో ఇంకేమేమి వచ్చిందో తెల్లారినాక కదా తెలిసేది."

"నీ డబ్బా అమ్ముడుపోదని నీకు కడుపుమంట."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. "నేను బిగించను. స్పానరు అక్కడ ఉండాది, నీ చేతులు నీకు ఉన్నాయి" అన్నాడు. నేనే కూర్చుని బిగించాను. ఆయన కాసేపు చూసి, లోపలికి వెళ్ళి చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క తెచ్చి ఇచ్చాడు. పెట్రోలు వచ్చే జెట్టు. "గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ పోవాల. లేకుంటే ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా మాడిపోతాది. నీ మీద కోపం దాని మీద ఎందుకు?" జెట్టుకు డబ్బు తీసుకోలేదు. నేను విప్పిన గాలి డబ్బాను దుమ్ము దులిపి, కాగితంలో చుట్టి, అటక మీద పెట్టాడు.

ఏం చెప్పను, బండి ఎగిరింది! యాక్సిలరేటరు తిప్పితే బూరలోంచి పులి గొంతు సవరించుకున్నట్టు ధ్వని. కుందేళ్ళను ఓడించే మా ఊరి తెల్ల వేటకుక్కలు రెండు, మిల్లు గేటు దగ్గర నాతో పందెం వేసి, మధ్యలో మానుకుని కూర్చున్నాయి. మేస్త్రి షెడ్డు ముందు నుంచి పనిలేకపోయినా రోజుకు రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ఆయన తలెత్తేవాడు కాదు.

తర్వాత పంగుని నెల ఎండలు వచ్చాయి, పత్తి వచ్చింది. జిన్నింగు ఆవరణలో ఇంజను ఆపకుండా బండి నిలబెట్టి, గింజ కొరికి చూస్తూండేవాణ్ణి. గాలిలో తేలే నూగు సన్నటి పోగులా సాగి, బూర మూతి దగ్గర సుడి తిరిగి, లోపలికి పోవడం నా కళ్ళతో చూశాను. చూడ్డానికి అందంగా కూడా ఉంది. నూగుతోపాటు మంసాపురం ఎర్రమట్టి కూడా అదే దారిన పోతోందని ఆ అందం నాకు చెప్పలేదు.

నెల తిరక్కుండానే వెనక నీలం పొగ మొదలైంది. సత్రపట్టి దారిలో చిన్న మిట్ట ఒకటి ఉంది; అక్కడ ఒకరోజు పత్తి బండి ఎద్దులు నన్ను దాటుకుని వెళ్ళాయి. బండివాడు వెనక్కి తిరిగి, "ఏం సామీ, తాడు కట్టేదా?" అన్నాడు. ఎద్దులు కూడా తిరిగి చూశాయని నా అనుమానం.

పొగ వాసన అంగడి దాకా వచ్చింది. మా నాయన గింజ కొరక్కుండానే తేమ చెప్పగల మనిషి. నూనె కాలే వాసన తెలియదా?

"రేపు పొద్దున నేనే మేస్త్రి దగ్గరికి వస్తాను" అన్నాడు. అంతే అన్నాడు.

తెల్లవారేసరికి నేను షెడ్డులో ఉన్నాను. మేస్త్రి అరచెయ్యి పట్టాడు. ఈసారి చాలాసేపు పట్టాడు. వాసన చూశాడు. ఇంజను తల విప్పి, పిస్టను బయటికి తీశాడు. రింగులు బ్లేడులా అరిగి ఉన్నాయి. సిలిండరు గోడ మీద నిలువుగా సన్నటి గీతలు.

"మేస్త్రీ, మా నాయన వస్తా ఉన్నాడు" అన్నాను. "ఇంజను విప్పినామని తెలిస్తే బండి పోయినట్టే. గబగబ మూసేయి. ప్లగ్గు చెడింది, మార్చినాను, అని ఒక మాట చెప్పు. నీ మాట నమ్ముతాడు."

"నమ్ముతాడు కాబట్టేనా చెప్పమంటావు?"

"నన్ను గల్లా పక్కన కట్టేస్తాడు మేస్త్రీ! అంగడిలో తరాజు, నేను, పక్కపక్కన. సచ్చేవరకు."

ఆయన గుడ్డ పరిచి, పిస్టనునూ రింగులనూ దాని మీద వరుసగా పేర్చాడు. దాచేవాడు పేర్చే వరుస కాదది. పెళ్ళికి సారె పేర్చినట్టు పేర్చాడు. అంతలో మా నాయన గొడుగు మూస్తూ లోపలికి వచ్చాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఏమి జబ్బు?"

"రండి మొదలాళీ" అన్నాడు మేస్త్రి. అంగడి యజమానులందరూ ఆయనకు మొదలాళీలే. "రింగులు అరిగినాయి. గోడ మీద గీతలు పడినాయి. ఇంజను విప్పినాను."

"ఎందుకు అరిగినాయి?"

"గాలి డబ్బా తీసేసి బూర పెట్టినాడు. నేను వద్దన్నాను. వినలేదు."

నేను ఎదుటి గోడ మీద మురికి గుడ్డలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఇట్ల చెప్పమని వీడే నేర్పించినాడా నీకు?" అన్నాడు నాయన. అంగడి మనిషికి నిజం కూడా సరుకే. ఎవరు సరఫరా చేశారో తెలియాలి.

"లేదు మొదలాళీ. ప్లగ్గు చెడిందని చెప్పమన్నాడు."

నాయన నా వైపు తిరిగాడు. "ప్లగ్గా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో నా చిన్నప్పటి దెబ్బలన్నీ ఉన్నాయి.

"సరి. మాట మాటే. అమ్మేస్తాం. మేస్త్రీ, ఉన్నది ఉన్నట్టు మూసి, తుడిచి ఇవ్వు. నీ దగ్గరికే వస్తారు కద కొనేవాళ్ళు, ఒకణ్ణి చూడు."

"వస్తారు" అన్నాడు మేస్త్రి. "నన్ను అడుగుతారు. అడిగితే చెప్తాను."

"ఏమి చెప్తావు?"

"రింగులు అరిగినాయి, గోడ గీసుకపోయింది, నెలదినాలు మట్టి తినింది, అని."

"చెప్పకుంటే?"

"అడక్కుంటే చెప్పను."

"నిన్ను అడక్కుండా కొనేవాడు ఊళ్ళో ఉన్నాడా?"

మేస్త్రి నిజాయితీగా ఆలోచించాడు. "లేడు మొదలాళీ."

నాయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆయన బేరంలో దారి వెతుక్కునేటప్పుడు చేసే పని అది. "సరి, రింగులు మార్చి, గోడ నున్నగా తీసి ఇవ్వు. అప్పుడు మంచి బండి అని చెప్తావు కద?"

"మార్చినానని చెప్తాను. మంచిదని ఎట్ల చెప్పేది? ఈ పత్తికాలం అయ్యేదాకా తిరగనీ. తర్వాత తల విప్పి చూద్దాం. గోడ మీద గీత లేకుంటే మంచిదని నేనే చెప్తాను. అంతవరకు మీరు అమ్మినా పాత ఇనుము ధరే."

"పత్తికాలం అయ్యేదాకా ఎవడు నడిపేది?"

"పాడుచేసినోడే. ఇంకెవరికి ఈ దారి తెలుసు?"

నాయన ముఖం చూశాను. ఎదుటివాడు ఒక్క పైసా అడగలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క మాట నా తరఫున చెప్పలేదు. అయినా కదలడానికి చోటు లేదు. మేస్త్రి కావాలనే అలా కట్టేశాడా, లేక నిజం దానంతటదే అలా పేరుకుందా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ముఖంలో చదవడానికి ఏమీ ఉండేది కాదు. "సరి" అని నాయన గొడుగు విప్పాడు, షెడ్డు లోపలే.

రింగులు మార్చి, గోడ నున్నగా తీయడానికి పట్టిన నాలుగు రోజులూ నేను షెడ్డులోనే కూర్చున్నాను. గాలి డబ్బా సంగతి మేస్త్రి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అటక మీది నా పాత డబ్బా దింపి, పొరలు విప్పి, ఎండలో చూశాడు. "తప్పు నాదీ కొంచెం ఉండాది" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. "పత్తికాలంలో ఇది చాలదు. నూనె గుడ్డకు నూగు అంటుకొని కంబళి మాదిరి అయిపోతాది. గాలి ఆడదు. నీకు స్పీడు కావాలనిపించింది అందుకే. ఊపిరాడని బండినే నీకు ఇచ్చినాను, నువ్వు పోయి బూర తెచ్చుకున్నావు."

నెయ్యి డబ్బా ఒకటి తెచ్చి కొలిచాడు. పాతదానికి మూడింతలు పెద్దది. బయట సన్నటి తీగ వల, పొడిది. వేలెడు ఖాళీ. దాని లోపల నూనె గుడ్డ పొరలు. "దూదికి ఎండు వల, మట్టికి తడి గుడ్డ. రెంటినీ ఒకేచోట ఆపాలంటే రెండూ ఆగవు. వల మీది నూగు దినమూ చేత్తో తుడిచేయి. గుడ్డ ఆదివారం నాకు చూపించు." మరి స్పీడో అని నసిగాను. "ముక్కు మూసుకుంటేనే ఆయాసం తమ్ముడూ. ఇది పెద్ద ముక్కు. గుడ్డ ఎంత వెడల్పయితే గాలి అంత నెమ్మదిగా, అంత ఎక్కువగా పోతాది." మూడు జెట్లు మార్చి చూశాడు. ప్రతిసారీ మిట్ట దాకా నడిపించి, ప్లగ్గు విప్పి రంగు చూశాడు. ఒకటి మసి, ఒకటి సున్నం. మూడోసారి ప్లగ్గు మూతి డికాక్షను ఎక్కువైన కాఫీ రంగులో వచ్చింది. "ఊ" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

బూరతో పోయినంత వేగం రాలేదు, కొంచెం తక్కువ. చప్పుడు అసలు లేదు. బండి పక్కన నెయ్యి డబ్బా వేలాడుతూంటే జిన్నింగు గేటు దగ్గర వాచ్‌మన్, "ఏం సామీ, నెయ్యి పోస్తా ఉండారా ఇప్పుడు?" అనేవాడు. ఆ పత్తికాలమంతా మంసాపురం, సత్రపట్టి, మళ్ళీ మంసాపురం. జిన్నింగు లోపలికి వెళ్తే ఇంజను ఆపేవాణ్ణి, తిరిగి తన్నేవాణ్ణి. రోజూ సాయంకాలం వల మీద నూగు తుడిస్తే చారెడు వచ్చేది. ప్రతి ఆదివారం గుడ్డ చూపించేవాణ్ణి. తల విప్పే రోజు దగ్గరపడేకొద్దీ నాకు నిద్ర తగ్గింది. గీత కనబడితే ఆ పలక, ఆ గోడ.

కాలం ముగిసింది. నాయన మళ్ళీ గొడుగుతో వచ్చాడు. మేస్త్రి తల విప్పి, పిస్టను కిందికి దించి, పక్కకు జరిగాడు. నడుములోని ఆ తెల్ల గుడ్డ తీసి నాయన చేతికిచ్చాడు.

"వేలు తుడుచుకొని, లోపల పెట్టి చూడండి మొదలాళీ. నా మాట ఎందుకు?"

నాయన చూపుడువేలు తుడుచుకుని సిలిండరు లోపల నెమ్మదిగా తిప్పాడు. బస్తాలో గింజను తడిమే వేలు అది. దానికి దొరకని తేడా ఉండదు. పైనుంచి కిందికి, మళ్ళీ చుట్టూ. నేను ఊపిరి బిగబట్టాను. నాకు గాలి డబ్బా కూడా అక్కర్లేకపోయింది.

"నున్నగా ఉండాది" అన్నాడు నాయన.

"ఉండాది" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడు ఎవరైనా అడిగితే?"

"మంచి బండి అని చెప్తాను."

"ధర?"

"మీరు కొన్నదానికంటే ఎక్కువే వస్తాది. ఈ వారంలోనే అమ్మిపెడతాను, కావాలంటే."

ఈ మనిషి చెప్పే నిజానికి ఎక్కడా బ్రేకు లేదా? నాయన గొడుగు చేతులు మార్చుకున్నాడు. సిలిండరు వైపు చూశాడు, నెయ్యి డబ్బా వైపు చూశాడు, నావైపు మాత్రం చూడలేదు.

"వెనక సీటు గట్టిదేనా?" అన్నాడు.

"గట్టిదే మొదలాళీ. మీ బరువు ఎంత?"

"ఒకటిన్నర బస్తా."

"మోస్తాది."

మర్నాడు పొద్దున్నే నాయన పంచె బిగించి, గొడుగు చంకన పెట్టి, నా వెనక ఎక్కాడు. అంగడి పలక మీద నుంచి తప్ప ఊరిని చూడని మనిషి, మిల్లులు దాటి, కొండలు కనబడేసరికి నా భుజం మీద చెయ్యి వేశాడు. మంసాపురం జిన్నింగు గేటు ముందు దిగి, కాళ్ళు దులుపుకుని, గింజల కుప్ప వైపు నడుస్తూ, తిరిగి చూడకుండానే అన్నాడు:

"ఒరే, ఆ మేస్త్రితో ఎప్పుడూ బేరం ఆడొద్దు. మనకు ఓడేది అలవాటు లేదు."